పేరు రాయని ఏడుగురు

వకుళ టీచర్ ఎవరి ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటారు, అడిగినవాళ్ల ముఖంలోకి ఒకసారి చూస్తారు, "ఆదివారం రండి" అంటారు. ఆదివారం వెళ్తే అక్కడ జవాబు ఉండదు, ఆట ఉంటుంది. ఆట ముగిసేసరికి అడిగినవాళ్లకి తమ ప్రశ్న మీద విసుగైనా పుడుతుంది, సిగ్గైనా పుడుతుంది. నాకు రెండూ పుట్టాయి. వాటికంటే ముందు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. చల్లారాక రాద్దామని ఆగితే ఎప్పటికీ రాయనని తెలిసి ఇప్పుడే రాస్తున్నాను.

టీచర్ ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏలూరులో తివాచీలు నేసే ఒక షెడ్డు పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఆట నడుపుతారు. ఆ ఆట ఎరగనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. దానికి బోర్డు ఉండదు, పావులు ఉండవు. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు లోకాన్ని చెబుతారు: ఇదిగో ఊరు, ఇదిగో ఏరు, అదిగో పొదలో తోడేలు. మిగతావాళ్లు ఆ లోకంలో తలా ఒక మనిషై, ఏం చేస్తారో నోటితో చెబుతారు. చేయగలరా లేదా అని సందేహం వచ్చినచోట పాచికలు తేలుస్తాయి. అంతే. ఆ అంతేలో మూడు గంటలు ఎలా పోతాయో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆట మొదలవ్వకముందు ఎవరి మనిషిని వాళ్లు తయారుచేసుకోవాలి. కొన్నిచోట్ల దానికీ పాచికలే వేస్తారట. బాగా పడితే వీరుడు, పడకపోతే పీనుగ. అలాంటి ఆటలు నాకు గిట్టవు. పాచిక వేసి పుట్టించడం బయట రోజూ జరుగుతున్నదే, దాన్ని మళ్లీ ఆడుకోవడం ఎందుకు? టీచర్ పద్ధతి వేరు. అందరికీ సమానంగా నూరు పాయింట్లు ఇస్తారు. ధరల పట్టిక ఒకటి ముందు పెడతారు. కత్తిసాముకి ఇరవై, ఈతకి పది, మాటలతో మెప్పించడానికి పదిహేను, నక్షత్రాలు చూసి దారి చెప్పడానికి ఐదు. కావలసిన మనిషిని కావలసినట్టు కట్టుకోవాలి. నూరు చాలకపోతే లోట్లు తీసుకోవచ్చు. ఒంటికన్ను తీసుకుంటే పది, చీకటంటే భయం తీసుకుంటే ఐదు, అలా పాయింట్లు వెనక్కి వస్తాయి. కన్ను ఇచ్చి కత్తి తెచ్చుకున్నట్టన్నమాట.

ఈ సంగతి మొదటిసారి విన్నరోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెబుతాను. నేను డిగ్రీ మొదటి ఏడాదిలోనే మానేశాను. తెలుసుకున్నది ఏదైనా ఉంటే పాత పుస్తకాల కొట్లో నిలబడి చదివిందీ, ఫోన్లో వెతుక్కున్నదీ. రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగానికి వెళ్తే కూడా, ఎవరి తాలూకు, ఏం చదివావు, మధ్యలో ఎందుకు మానేశావు అని మూడు ప్రశ్నలడిగారు. ఈ బల్ల దగ్గర ఎవరూ అడగలేదు. టీచర్ ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, "నూరు ఉన్నాయి, ఏం చేస్తావో చెయ్" అన్నారు. పుట్టిన ఇరవయ్యేళ్లకి మొదటిసారి ఒకరు నాకు అందరితో సమానంగా ఏదో ఇచ్చారు. ఆ నూరుతో ఎవర్ని కట్టానన్నది ఇక్కడ అనవసరం. ఆ రోజు నుంచి మూడేళ్లు ఒక్క ఆదివారం మానలేదు.

మూడేళ్లయ్యాక నాకొక బల్ల కావాలనిపించింది. ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిల హాస్టల్ మా ల్యాబుకి ఎదురుగానే ఉంది. అందులో ఎనిమిదిమంది, నువ్వు నడిపితే మేమొస్తాం వేణీ అని మాటిచ్చారు. వార్డెనమ్మ భోజనాల గది ఇస్తానంది. నా జీవితంలో ఎనిమిదిమంది ఒకేసారి నా కోసం ఎదురుచూడడం అదే మొదలు. కానీ టీచర్ దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఆవిడ శిష్యులెవరైనా సొంతంగా బల్ల నడపాలంటే ఆవిడ పట్టికని వాడకూడదు. సొంత ధరల పట్టిక రాసుకోవాలి. దేనికెంత ఖరీదని నువ్వనుకుంటున్నావో అదే నీ లోకం అంటారావిడ. ఆ పట్టిక కింద ఆవిడ సంతకం పడితేనే బల్ల. లేకపోతే లేదు.

నేను రెండు నెలలు కూర్చుని రాశాను. మూడుసార్లు తీసుకెళ్లాను, మూడుసార్లూ సంతకం లేకుండా తిరిగొచ్చింది. మొత్తం నూట పన్నెండు లైన్లు. వాటిలో ఒకే ఒక్క లైను పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క. మూడుసార్లూ అదే లైను. "మీద ఆధారపడ్డ మనిషి: ఒక్కొక్కరికి పదిహేను వెనక్కి."

టీచర్ పట్టికలో అలాంటి లైను లేదు. అది నేను చేర్చింది. నూట పన్నెండింటిలో నాకు గర్వమనిపించిన లైను అదొక్కటే. మా అక్కకి మూర్ఛ. ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు పక్కన మనిషి ఉండాలి. అమ్మ పోయాక ఆ మనిషిని నేనే, నేను పనికీ ఆటకీ వెళ్లిన కాసేపు మాత్రం పక్కింటావిడ కనిపెట్టుకుంటుంది. కాలేజీ మానేసింది అందుకే. పరీక్ష రాయకపోయినా, పెళ్లికి వెళ్లకపోయినా, ఊరు దాటకపోయినా అందుకే. దానికి ఎవరూ నాకు ఒక్క మార్కు కలపలేదు. ఇంటర్వ్యూలో మాత్రం, మధ్యలో మానేశావే అన్నారు. మరి నా లోకంలో, నేను ధరలు రాసే లోకంలో, ఎవరినైనా చూసుకుంటూ బతికే మనిషికి పదిహేను పాయింట్లు ఇస్తే తప్పా? ఒంటికన్నుకి పది ఇచ్చేవాళ్లు దీనికి పదిహేను ఇవ్వలేరా? ఇది న్యాయం కాదా?

ఆ మాటే ఆవిడ ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే అడిగాను.

"టీచర్, ఆ లైనులో తప్పేముందో చెప్పండి. మా ఇంటి సంగతి మొత్తం తెలిసిన మీరే దాని పక్కన చుక్క పెడితే నేనేమనుకోవాలి?"

టీచర్ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఆదివారం రానా?" అన్నాను నేనే, ఎగతాళిగా.

"రా," అన్నారావిడ. "బల్ల నువ్వే నడుపు. నీ పట్టికతోనే. నేను ఆడతాను."

ఆదివారం బల్ల దగ్గర నలుగురం ఉన్నాం. టీచర్ ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క కుర్చీలో నేను కూర్చున్నాను. ఒకవైపు డేవిడ్ రాజు గారు, మోటార్లకు వైండింగ్ చేస్తారు, వేళ్లకి ఎప్పుడూ వార్నిష్ వాసన. ఇంకోవైపు నస్రీన్, కింద షెడ్డులోనే మగ్గం మీద పనిచేస్తుంది, నాకంటే రెండేళ్లు చిన్నది, అవసరమైతే తప్ప మాట్లాడదు. ఎదురుగా టీచర్, చేతిలో నా పట్టిక. అందరూ తమ మనుషుల్ని కట్టుకోవడం మొదలుపెట్టారు. డేవిడ్ రాజు గారు ఒక పడవవాణ్ణి కట్టారు. నస్రీన్ ఆకులూ వేళ్లూ తెలిసిన ఒక మందుల మనిషిని కట్టింది. వైద్యానికి ఎక్కువ పోయిందని ఈత కొనలేదు. టీచర్ మాత్రం పైనుంచి కిందిదాకా పట్టిక చదివి, నా లైను దగ్గర ఆగి, తన కాగితం మీద నిలువుగీతలు గీశారు. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం, పక్కన ఇంకో రెండు.

"ఇదేంటి టీచర్?"

"ఆధారపడ్డవాళ్లు. ఏడుగురు."

"ఏడుగురా!" డేవిడ్ రాజు గారు ఆ కాగితంలోకి తొంగిచూశారు. "కుటుంబమాండీ అది, కబడ్డీ జట్టా?"

"ఇంతమందికి మించకూడదని ఎక్కడా రాయలేదు కదా అమ్మాయీ," అన్నారు టీచర్. "ఏడు పదిహేన్లు నూట అయిదు. నా దగ్గర మొత్తం రెండొందల అయిదు."

నిజమే, రాయలేదు. కావాలనే రాయలేదు. ఇంతమందికి మించి నీ మీద పడరని బయట ఎవరైనా నాకు హామీ ఇచ్చారా? ఆ మాట పైకి అనలేదు. "కానివ్వండి," అన్నాను. ఆవిడ రెండొందల అయిదూ ఖర్చుపెట్టారు. కత్తిసాము, విల్లు, ఈత, గోడలెక్కడం, ఏడు ఊళ్ల యాసలు, ఎవరినైనా మాటల్లో పెట్టడం, చివరికి గుర్రాన్ని కూడా బుజ్జగించడం. ఆ మనిషికి చండి అని పేరు పెట్టారు. ఏడుగురికోసం కాగితంలో ఒక గడి ఉంది. అందులో ఆ గీతలు తప్ప ఏమీ లేవు.

నేను కథ మొదలుపెట్టాను. ఏటి మధ్య లంకల్లో ఊళ్లు. రేవుని దొంగలు పట్టుకున్నారు, దాటాలంటే వాళ్లకి పంట ఇవ్వాలి. ముగ్గురు ప్రయాణికులు రేవుని విడిపించాలి. అందరికీ పని ఉండేలా అల్లుకున్నాను. పడవవాడు లేకపోతే ఏరు దాటలేరు, మందుల మనిషి లేకపోతే దొంగల నాయకుడి జ్వరం తగ్గదు, వాడితో బేరం కుదరదు. అదంతా అరగంటలో చిత్తుకాగితమైంది. చండి ఏరు ఈదేసింది. చండి గోడ ఎక్కేసింది. కాపలావాడితో వాడి యాసలోనే మాట్లాడి తాళం తీయించింది. డేవిడ్ రాజు గారు పాచికలు చేతిలో పెట్టుకుని వేసే వంతు రాక కూర్చున్నారు.

"నా పడవ రేవులో నానుతోంది," అన్నారాయన. "నన్నిక వదిలెయ్ అమ్మాయ్. కొట్లో నాలుగు మోటార్లున్నాయి, అవైనా నా కోసం ఎదురుచూస్తాయి."

నా బల్ల, నా పట్టిక, నా కళ్లముందే ఒక్క మనిషి మింగేస్తోంది. హాస్టల్ అమ్మాయిలు గుర్తొచ్చారు. వాళ్లలో ఒకతె ఇలాగే చేస్తే మిగతా ఏడుగురూ మళ్లీ వస్తారా? అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఉపాయమని ఇప్పుడు అంటున్నాను, అప్పుడది కసి. ఆ ఏడుగురి మీద దెబ్బ కొడితే ఈవిడ దారికొస్తారు అనుకున్నాను.

"పైన వాన పడింది," అన్నాను. "గట్టు తెగింది. చండి వాళ్ల లంక మునుగుతోంది. ఏడుగురూ ఇంటి కప్పు మీదకెక్కారు."

"దొంగల నాయకుడు ఎటు పారిపోయాడు?" అన్నారు టీచర్.

"ఉత్తరానికి. కానీ టీచర్, లంక దక్షిణాన ఉంది."

"చండి ఉత్తరానికి వెళ్తుంది."

"వాళ్లు మునిగిపోతారు!"

టీచర్ పట్టిక తీసి ఆ లైను మీద వేలు పెట్టారు. "మునిగిపోతే పదిహేనూ వెనక్కి ఇచ్చెయ్యాలని రాశావా?"

రాయలేదు.

"అయితే ఉత్తరానికే."

ఆ మాట అన్న తీరు చూడాలి. కోపం లేదు, నవ్వు లేదు, బడిలో హాజరు వేసేటప్పటి గొంతు. నాకు కళ్లు ఎర్రబడ్డాయి. అరవై మూడేళ్ల మనిషి అనీ చూడలేదు, నాకు మొదటి నూరు పాయింట్లూ ఇచ్చింది ఆవిడేననీ చూడలేదు. కుర్చీలోంచి సగం లేచాను.

"వాళ్లని అమ్ముకుని కత్తి కొనుక్కున్నారు మీరు! ఏడుగురు మనుషుల్ని! ఇప్పుడు చస్తే చావనీ అంటున్నారు. మీకేమన్నా సిగ్గుందా?"

"వేణమ్మా," అన్నారు డేవిడ్ రాజు గారు గాభరాగా. "ఆటేగా."

"ఎవరిని అమ్ముకున్నాను?" అన్నారు టీచర్.

"మీ వాళ్లని!"

"మా వాళ్లెవరు?"

ఆవిడ కాగితం నా వైపు తిప్పారు. నాలుగు నిలువుగీతలు, ఒక అడ్డం, ఇంకో రెండు. అంతలో, ఆట మొదలైనప్పట్నుంచీ పది మాటలు కూడా ఆడని నస్రీన్ అందుకుంది.

"నేను వెళ్తానక్కా. డేవిడ్ అన్న పడవ ఉందిగా?"

"నీకు ఈత రాదు," అన్నాను. "కొనుక్కోలేదు."

"రాదు. పడవ ఉందా?"

"ఉందమ్మా, నా తల్లీ, ఉంది," డేవిడ్ రాజు గారు ముందుకు జరిగారు. "పద, తెడ్డు నేనేస్తా. ఇప్పటికైనా నా వంతొచ్చింది."

పాచికలు వేశారు. మొదటిసారి పడవ ఒక చెట్టుకి కొట్టుకుంది, రెండోసారి సుడి తప్పించుకుంది. లంక దగ్గరికొచ్చారు. నస్రీన్ బల్ల మీదకి వంగి అడిగింది, "కప్పు కనిపిస్తోందా?"

"లేదు. వాన జోరుగా ఉంది. ఏమీ కనిపించదు."

"అయితే పిలుస్తాను." రెండు చేతులూ నోటిచుట్టూ పెట్టుకుని ఆగింది. టీచర్ వైపు తిరిగింది. "ఏమని పిలవనండీ?"

టీచర్ గీతల కాగితం చూపించారు. నస్రీన్ దాన్ని చూసి, తలాడించి, నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పక్కా. లోకం నీదిగా. ఓయ్ అని పిలిస్తే ఎవరు పలుకుతారు?"

లోకం నాదే. ఆ కుర్చీలో కూర్చున్నాక పేర్లు నేనే చెప్పాలి. చెప్పాను. మొదట రత్తమ్మ, చూపు ఆనని ముసలిది. నస్రీన్ నిజంగానే గొంతెత్తి పిలిచింది, "రత్తమ్మత్తా!" అని. కింద షెడ్డులో ఎవరో, "ఏమైందే?" అని పైకి కేకేశారు. "ఏం లేదు, వరద!" అని నస్రీన్ కిటికీలోంచి జవాబిచ్చి మళ్లీ బల్ల దగ్గరికొచ్చింది. రత్తమ్మని పడవలోకి దించారు. రెండోవాడు గవరయ్య, తన మేకని ఎక్కిస్తే తప్ప పడవెక్కనన్నాడు. "ఎక్కించండి ఆ మహానుభావుణ్ణి, మేక ముందు," అన్నారు డేవిడ్ రాజు గారు. మూడోది ముత్యం, నిండుచూలాలు. నాలుగోది ముత్యం కూతురు చిట్టి, ఏడవడం ఆపదు. ఐదోవాడు అప్పన్న.

"అప్పన్నకి చెవుడు," అన్నాను. "పిలిచినా వినపడదు." ఎందుకలా అన్నానో తెలియదు. పని కాస్త కష్టమైతే ఆ పిల్ల ఆగుతుందేమోనని కావచ్చు.

"అయితే తెడ్డు పైకెత్తి ఊపుతాను," అంది నస్రీన్. పాచిక వేసింది. అప్పన్న చూశాడు.

పేరు చెప్పిన ప్రతిసారీ ఒక మనిషి ఎక్కడినుంచో వచ్చి నా నోట్లోంచి మాట్లాడుతున్నాడు. నాకు అలసట వచ్చింది. ఆరో పేరు కోసం ఆగాను. ఏదైనా చెప్పొచ్చు. లక్ష పేర్లున్నాయి. నాలుకమీదకి ఒక్కటే వచ్చింది. మింగబోయాను, మింగలేకపోయాను.

"హైమ," అన్నాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. హైమవతి మా అక్క పేరు. నాలుగేళ్లుగా ల్యాబులో ఆ పేరు తెలిసినవాళ్లు ఒక్కరు లేరు. సెలవు చీటీలో "ఇంట్లో మనిషికి బాగోలేదు" అని రాస్తాను. హాస్టల్ అమ్మాయిలతో "ఇంట్లో ఒకరున్నారు, ఎనిమిదికల్లా వెళ్లాలి" అంటాను. సినిమాకి రమ్మంటే "నా మీద ఒకరు ఆధారపడి ఉన్నారు" అంటాను, ఆ మాట అన్నప్పుడల్లా ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనిపిస్తుంది, అది నాకు బాగుంటుంది. అబద్ధమెందుకు, బాగుంటుంది. అలా నాలుగేళ్లలో మా అక్కని చూపించి నేను ఎన్ని తెచ్చుకున్నానో. తొందరగా ఇంటికి వెళ్లడానికి తెచ్చుకున్నాను, రాని పనికి సాకుగా తెచ్చుకున్నాను, నన్ను గొప్పదాన్ని అనుకోవడానికి తెచ్చుకున్నాను. పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. పేరు లేకుండా సీసా వస్తే అందులోని రక్తాన్ని పారబోసేది మా ల్యాబులో నేనే.

నస్రీన్‌కి ఇదేమీ తెలియదు. దానికి ఆరో మనిషి పేరు హైమ, అంతే. చేతులు నోటిచుట్టూ పెట్టుకుని, గది అదిరేలా పిలిచింది.

"హైమక్కా! ఓ హైమక్కా! ఎక్కడున్నావ్?"

మా అక్కని ఎవరైనా అలా అరిచి పిలవడం నేను చాలా ఏళ్లుగా వినలేదు. జవాబు నేనే చెప్పాలి.

"ఇక్కడే ఉన్నా. నేను రాను. నా జడ సగమే అయింది."

"మిగతా సగం పడవలో నేనేస్తాలే, రా," అంది నస్రీన్.

టీచర్ తలొంచుకుని కాగితం చూసుకుంటున్నారు. డేవిడ్ రాజు గారు వేలితో బల్ల మీద తెడ్డు వేస్తున్నట్టు గీస్తున్నారు. హైమ పడవెక్కింది. పాచిక వెయ్యమని నేను అడగలేదు, ఎవరూ వెయ్యలేదు. పడవలో చోటు ఇక ఒక్కరికే ఉంది. నస్రీన్ మళ్లీ చేతులెత్తింది.

"ఏడోవాళ్లు?"

నేను పెన్సిల్ బల్ల మీద పడేశాను. లేచి నిలబడ్డాను. "నేను నడపను," అన్నాను. ఏడుస్తున్నానని ఎవరూ అనుకోకూడదని గొంతు పెంచాను. "ఇది ఆట కాదు, పన్నాగం. టీచర్, మీరు మొదట్నుంచీ ఇక్కడికి తీసుకురావాలనే గీతలు గీశారు. మీకు తెలుసు. నాకు లోకంలో ఎవరూ ఒక్క పాయింటు వెనక్కి ఇవ్వలేదని మీకు తెలుసు. ఏళ్ల తరబడి చేసినదానికి కాగితం మీదైనా పదిహేను ఇచ్చుకుందామనుకున్నాను. అదీ ఎక్కువేనా? చూసుకునేవాళ్లకి ఏమీ రాకూడదా? ఊరికే చెయ్యాలా, నోరు మూసుకుని? అదేనా మీరు చెప్పే లెక్క?"

ఆవిడ ఆ మాట కాదనలేదు. అవుననలేదు. ఇప్పటికీ అవి నాకు న్యాయమైన ప్రశ్నలే. ఎవరైనా జవాబు చెబితే వింటాను.

"చెప్పండి," అన్నాను. "ఆ లైను కొట్టేస్తే సంతకం పెడతారా? అంతేగా మీక్కావలసింది? కొట్టేస్తాను. ఎనిమిదిమంది ఎదురుచూస్తున్నారు నాకోసం."

పట్టిక అందుకోబోయాను. టీచర్ నాకంటే ముందు దాన్ని తన దగ్గరికి లాక్కున్నారు. జేబురుమాల్లో చుట్టిన పెన్ను తీశారు, మూత తిప్పారు, పట్టిక అడుగున సంతకం పెట్టి తేదీ వేశారు. దేన్నీ కొట్టెయ్యలేదు. దేన్నీ చేర్చలేదు. సిరా ఆరాలని కాగితం మీద నోటితో ఊది, నా ముందుకు తోశారు.

నాకు ఇంకా కోపం వచ్చింది. మూడుసార్లు తిప్పి పంపినావిడ, అదే కాగితం మీద అక్షరం మార్చకుండా సంతకం పెడితే ఏమనుకోవాలి?

"మరి ఆ లైను ఉంచాలా, తీసెయ్యాలా?" అన్నాను. "అదైనా చెప్పరా?"

ఈసారి ఆవిడ కళ్లజోడు తియ్యలేదు. ఆదివారం రమ్మనలేదు. నా పక్కన నస్రీన్ చేతులు నోటిదగ్గర పెట్టుకుని అలాగే నిలబడి ఉంది. టీచర్ దాని వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

"బల్ల నీది, నన్నడుగుతావేం? ముందు కూర్చో. ఏడో మనిషి పేరు చెప్పు, ఆ పిల్ల వానలో నిలబడి ఉంది."